పల్లకి స్టూడియో సంగతి ఎవరికీ చెప్పలేదు

ఫిబ్రవరి 4, 2008

ఈ డైరీ కొత్త సంవత్సరానికి పల్లకి కంపెనీ వాళ్లు ఇచ్చారు. అట్ట మీద బంగారు రంగు పల్లకి. ఇన్నాళ్లూ బియ్యం డబ్బా మీద పడి ఉంది. నాకు రాయడం పెద్దగా రాదు. నలభై దాటాక రాత్రి బడిలో నేర్చిన అక్షరాలు. తప్పులుంటే ఉండనీ, చదివేవాడిని నేనే.

ఎందుకు రాస్తున్నానంటే, ఎవరికీ చెప్పనని ఈ రోజు మాట ఇచ్చాను. కాగితం మనిషి కాదు కాబట్టి దీనికి చెప్పొచ్చు.

మధ్యాహ్నం మోటారు వేయడానికి స్టూడియో లోపలికి వెళ్లాను. భూమి పల్లకి వాళ్లకు అమ్మినా బావి మీద పెత్తనం నాదే. ఆ షరతు మీదే అమ్మాను. గేటు దగ్గర నన్ను ఆపే మొనగాడు లేడు. పెద్ద షెడ్డులో బజారు సెట్టు ఉంటుంది. చెక్క మేడలు, ప్లాస్టర్ కమాన్లు, గాజుల దుకాణం, అత్తరు దుకాణం. కంపెనీ తీయబోయే పెద్ద సినిమా కోసం వేశారు. ఆ సినిమా సంగతి టీవీలో చెప్పని రోజు లేదు. దాన్ని చూసే జనం ఈ కంపెనీ షేర్లు కొంటున్నారు.

ఆ బజారును వడ్రంగులు ఊడదీస్తున్నారు. మేడలు విప్పి లారీకి ఎక్కిస్తున్నారు.

"ఏంరా, షూటింగ్ అయిపోయిందా?" అని అడిగాను.

"షురూనే కాలే తాతా, అయిపోవుడేంది? సినిమా బంద్. సామాన్లు ఎత్తుకరమ్మన్నరు" అన్నాడు మేస్త్రీ.

నేరుగా కిరణ్మయి గదికి వెళ్లాను. కంపెనీలో ఆమెను సెక్రటరీ అంటారు. ఉత్తరాలు రాసే పిల్ల అనుకునేవాడిని మొదట్లో. కాదు. షేర్లు కొన్న జనానికి కంపెనీ ఏ సంగతి చెప్పాలి, ఎప్పుడు చెప్పాలి, అదంతా చూసే మనిషి. కోస్తా వాళ్లు, ఇల్లు వనస్థలిపురంలో. స్టూడియో దగ్గర తిండి బాగుండదని రెండేళ్లుగా మధ్యాహ్నం అన్నం మా ఇంట్లోనే. నాగులమ్మ చేసే పుంటికూర పప్పు అంటే ప్రాణం. వాళ్లు గోంగూర అంటారు.

"బజారెందుకు పీకుతున్నరు బిడ్డా?"

ఆమె లేచి తలుపు వేసింది. "తాతయ్యగారూ, మీరు చూశారా?"

"కండ్లున్నయి గద."

అప్పుడు చెప్పింది. సినిమా ఆగిపోయింది. కంపెనీ తీసే సీరియళ్లు కొనే ఛానల్ కూడా ఇక కొననని చెప్పేసింది. రెండూ పోతే కంపెనీలో మిగిలేది ఏమీ లేదు.

"ఈ మాట ముందు స్టాక్ ఎక్స్ఛేంజీకి చెప్పాలండీ. వాళ్లు బయటపెడితే దేశంలో అందరికీ ఒకేసారి తెలుస్తుంది. అప్పటిదాకా తెలిసినవాళ్లు షేర్లు అమ్మకూడదు, ఎవరికీ చెప్పకూడదు. చెప్పినవాడిదీ నేరమే, విని అమ్ముకున్నవాడిదీ నేరమే. ఇప్పుడు మీకూ తెలిసింది. మీరు కూడా లోపలి మనిషి కిందే లెక్క."

"నా భూమిల నేను లోపలి మనిషిని గాక మరి బయటోణ్నా?"

ఆ పిల్ల నవ్వలేదు. "అమ్మనని, చెప్పనని మాట ఇవ్వండి. రేపో ఎల్లుండో బయటపెట్టేస్తాం. ఛైర్మన్ గారికి కాగితం పంపాను, ఆయన సంతకం పెట్టడమే తరువాయి."

ఇచ్చాను. నేను మాట ఇస్తే పంచాయతీలో రెండో మాట ఉండదు. ఇబ్రహీంపట్నంలో ఎవరినైనా అడగండి.

ఫిబ్రవరి 5

బస్టాండు పక్కన దుర్గేష్ షేర్ల దుకాణంలో కూర్చున్నాను. అక్కడి టీవీలో పల్లకి పేరు పచ్చ రంగులోనే పోతోంది. కబురేమీ రాలేదు.

ఫిబ్రవరి 7

యాదయ్య వచ్చాడు. మా చిన్నాయన కొడుకు. స్టూడియోకి నా భూమి పోయినప్పుడే వాడిదీ పోయింది. కంపెనీ షేర్లు జనానికి అమ్మిన ఏడాది నేను భూమి డబ్బులో కొంత పెట్టాను. వాడు ఇల్లు కట్టుకోగా మిగిలిందంతా పెట్టాడు.

మంచాల ఊళ్లో ఒక చెలక, ఎర్రమట్టి చేను, చూసుకున్నాడు. బావి ఉంది, పక్కనే నాలుగు వేపచెట్లు. బయానా ఇచ్చాడు. ఉగాదికి రిజిస్ట్రేషన్. అప్పటికి షేర్లు అమ్మి మిగతాది కట్టాలి.

"పొద్దుగాల లేస్తే ఏం జెయ్యాల్నో తెలుస్తలేదే అన్నా" అన్నాడు. "కాళ్లు ఉత్తగనే చేను దిక్కు పోతయి. ఆడ గేటుంటది. మల్ల ఇంటికొస్త. కమల నవ్వుతది. భూమైతే మంచిగ పండుకుంట."

"తీస్కో మరి."

"తీస్కుంట. ఈ షేర్లు ఇప్పుడే అమ్మాల్నా, ఉగాది దాంక ఉంచాల్నా? సినిమా షురూ అయితే ఇంక పెరుగుతదంటున్నరు."

"నన్నడుగుతవేందిరా? దుకాణమోన్ని అడుగు."

"వాడు జెప్పేదేంది, వానికి కమిషన్. నువ్వేం జేస్తున్నవ్?"

"నేనేం జేస్తలేను."

"అమ్మలే?"

"అమ్మలే."

"గదే చాలు" అని లేచాడు. చాయ్ కూడా తాగలేదు.

వాడిది మొదటి నుంచీ ఇదే వరస. వాన పడ్డాక వాడు మబ్బు వైపు చూడడు, నా చేను వైపు చూస్తాడు. నేను ఆముదాలు పెట్టిన రోజే వాడూ పెడతాడు. నేను ఆగితే ఆగుతాడు. వాడొక్కడే కాదు, ఆ వైపు చేన్ల వాళ్లంతా అంతే. నేను ఎవరికీ చెప్పలేదు. వాళ్లే చూసేవాళ్లు.

అబద్ధం చెప్పలేదు. అమ్మలేదా అంటే అమ్మలేదన్నాను. నిజమే కదా.

ఫిబ్రవరి 8

రాలేదు.

ఫిబ్రవరి 11

కిరణ్మయి అన్నానికి రాలేదు. స్టూడియోకి వెళ్లి అడిగితే, "ఛైర్మన్ గారు ఇంకా చూడలేదు తాతయ్యగారూ" అంది, నా వైపు చూడకుండా.

సాయంత్రం ఛైర్మన్ ఫణి టీవీలో కనబడ్డాడు. తెల్ల చొక్కా, నుదుట బొట్టు. మూడేళ్ల కింద నా చేత కొబ్బరికాయ కొట్టించి నా కాళ్లకు దండం పెట్టిన మనిషి. ఎండాకాలంలో సినిమా మొదలవుతుందట. బజారు సెట్టు చూస్తే కళ్లు తిరుగుతాయట.

"మస్తు మాట్లాడ్తడు గీయన" అంది నాగులమ్మ.

"లంగ."

"ఏమయ్యా, ఏమైంది? మొన్నటి దాంక మా ఫణిసారు, మా ఫణిసారు అంటివి."

"ఊకెనే అన్న."

"ఊకెనే లంగ అంటరా? ఇంటల్లుణ్ని అన్నట్టు."

ఆ సెట్టు ఇప్పుడు ఏ గోడౌన్‌లో ఉందో. ఇది బయట తెలిసింది నాకొక్కడికే. నోరు మూసుకుని తలుపు దగ్గర కూర్చున్నాను.

ఫిబ్రవరి 13

నాగులమ్మ మోకాళ్ల నొప్పితో లేవలేకపోయింది. దవాఖానలో ఆపరేషన్ అన్నారు పోయినేడు. "ఆ షేర్లు అమ్మి చేయించు, ఉంచుకుని ముద్దు పెట్టుకుంటవా?" అంది.

"ఇప్పుడు కాదు."

"మల్లెప్పుడు? నన్ను కట్టెల మీద పండబెట్టినంకనా?"

తెలిసి అమ్మితే దొంగతనం. కొనేవాడు ఎక్కడో గుడ్డిగా కొంటాడు, వాడి నెత్తిన పెట్టినట్టే. కిరణ్మయి చెప్పకముందు ఇది నాకు తెలియదు. చెప్పాక సబబే అనిపించింది. నాగులమ్మకు ఎలా చెప్పను? కుంటుతూ పొయ్యి దగ్గరికి వెళ్లింది.

ఫిబ్రవరి 15

లేదు.

ఫిబ్రవరి 18

ఈ రోజు కిరణ్మయితో గొడవ పెట్టుకున్నాను.

"రేపు, ఎల్లుండి అంటివి. నీ ఎల్లుండి ఎప్పుడొస్తది బిడ్డా?"

"మూడుసార్లు రాశాను తాతయ్యగారూ. సంతకం పెట్టడం లేదు. మంచి రోజు చూసి చెబుదాం అంటున్నారు."

"నష్టం జెప్పనీకి గూడ ముహూర్తమా? నువ్వే జెప్పరాదా?"

"ఆయన ఒప్పుకోకుండా నేను పంపితే ఉద్యోగం ఒక్కటే కాదు, ఇంకెక్కడా నన్ను తీసుకోరు. నాన్నగారికి పక్షవాతం. నేనొక్కదాన్నే." కళ్లు తుడుచుకుంది. "మీరు అమ్మలేదు కదా?"

"నన్నేమనుకున్నవ్?"

"తప్పుగా అనుకోకండి. ఈ కంపెనీలో తెలిసి కూడా అమ్మనిది మీరూ నేనేనేమో."

అంటే మిగతావాళ్లు అమ్ముతున్నారు. ఎవరని అడిగితే చెప్పలేదు. చెప్పకపోవడం ఆమె పని. ఆ పనే నాకూ అంటించింది.

ఆమె మాట తప్పింది, నేను తప్పితే ఏమవుతుంది అని దారంతా అనుకుంటూ వచ్చాను. యాదయ్య ఇంటి ముందుకు వచ్చేసరికి వాడు అరుగు మీద కూర్చుని నాగలికి కొత్త మేడి చెక్కుతున్నాడు. ఈ కాలంలో నాగలి ఎవడు కడతాడని అందరూ నవ్వుతున్నారట. "రాయే అన్నా, చూడు, చెయ్యి మరిచిపోలే" అన్నాడు.

పని ఉందని చెప్పి వచ్చేశాను. మాట ఇచ్చింది నేను. ఆమె తప్పితే నేనూ తప్పాలా? ఈ దశరథ తప్పడు.

ఫిబ్రవరి 21

కమలమ్మ వచ్చింది. యాదయ్య భార్య. మొగుడిలా మెత్తని మనిషి కాదు, సూటిగా అడుగుతుంది.

"బావా, మంచాలాయన తొందర వెడ్తున్నడు. షేర్లమ్ముదామంటే మీ తమ్ముడు వినడు. అన్న అమ్మలే, అన్న అమ్మలే, ఇదొక్కటే పాట. నీకు స్టూడియోల అందరు ఎరుకే గద. లోపల ఏమన్నుంటే జెప్పు. మాకు గా భూమి దప్ప ఏం లేదు."

నాగులమ్మ బియ్యం ఏరుతూ నా వైపు చూసింది.

"నాకెరుకైతే నీకు జెప్పనా కమలా?" అన్నాను.

"గంతే గద. నువ్వు జెప్పవా!" అని లేచిపోయింది. కొంచెం సిగ్గు పడ్డట్టే పోయింది, నన్ను అడిగినందుకు.

నేను ప్రశ్న వేశాను. అబద్ధం ఆడలేదు.

నాగులమ్మ చాట పక్కన పెట్టింది. "ఏంది సంగతి?"

"ఏం లేదు."

"నలభై ఐదేండ్ల సంది చూస్తున్న నిన్ను. అన్నం సగం తిని లేస్తున్నవ్. ఏం లేదా?"

"నోర్ముయ్" అన్నాను. చాలా ఏళ్లయింది ఆ మాట అని.

ఫిబ్రవరి 22

కమలమ్మ అడిగినట్టే మళ్లీ వినిపిస్తోంది. నేను ప్రశ్న వేశాను. అబద్ధం ఆడలేదు.

ఫిబ్రవరి 26

కబురు వచ్చింది. షేర్ల బజారు మూసేశాక చెప్పారట. సినిమా లేదు, సీరియళ్లు లేవు. రెండూ నిన్ననే తేలినట్టు రాశారు.

ఫిబ్రవరి 27

దుర్గేష్ దుకాణంలో నిలబడే చోటు లేదు. స్టూడియోకి భూమి అమ్మినవాళ్లంతా అక్కడే. టీవీలో పల్లకి పేరు ఎర్రగా పోతోంది. ఒకటే అంకె, కదలడం లేదు.

"అమ్మెయ్ తమ్మీ, ఎంతొస్తే గంత" అంటున్నాడు ఎల్లయ్య.

"కొనేటోడు ఉండాలె గద పెద్దనాయనా" అన్నాడు దుర్గేష్. "దేశంల ఉన్నోళ్లంతా అమ్మెటోళ్లే. ఈ రోజుకు ఇంతకన్న దిగనియ్యరు. రేపు పొద్దుగాల మల్ల గింత దిగుతది, మల్ల ఆగుతది. అప్పుడు గూడ కొనేటోడుండడు."

"మరి నిన్నటి దాంక కొన్నోడెవడు?"

"కొన్నోడు ఎవడో పిచ్చోడు. అమ్మినోడే మస్తు తెలివి గల్లోడు."

యాదయ్య గోడకు ఆనుకుని నిలబడి ఉన్నాడు. నన్ను చూసి జనాన్ని తోసుకుంటూ వచ్చాడు. నా చెయ్యి పట్టుకున్నాడు.

"నీవి గూడ పోయినయా అన్నా?"

"పోయినయి."

"ఫికర్ జెయ్యకు. వదిన మోకాళ్లకు ఏదన్న జేద్దాం. నువ్వు దిగులు వెట్టుకోకు, నీకు షుగరున్నది."

వాడు నన్ను ఓదార్చాడు. చాయ్ తాగించాడు. డబ్బులు వాడే ఇచ్చాడు.

మార్చి 3

రాయబుద్ధి కావడం లేదు.

ఉగాది

మంచాల చెలకను ప్లాట్లు చేసి అమ్మే వెంచర్ వాళ్లు కొన్నారు. బయానా పోయింది. తెల్ల రాళ్లు పాతుతున్నారని చూసొచ్చినవాళ్లు చెప్పారు. వేపచెట్లు కొట్టేశారట.

మా ఇంట్లో పచ్చడి చేసింది నాగులమ్మ. యాదయ్య రాలేదు. ఏటా వస్తాడు.

ఏప్రిల్ 16

కమలమ్మ రింగు రోడ్డు పనికి పోతోంది. పొద్దున్నే ట్రాలీలో ఎక్కించుకుపోతారు. యాభై దాటిన మనిషి, తట్ట మోస్తోంది.

యాదయ్య పొద్దున లేచి స్నానం చేసి, తువ్వాల భుజాన వేసుకుని బస్టాండుకు వెళ్లి కూర్చుంటాడు. మంచాల బస్సు వస్తుంది, పోతుంది. వాడు మాత్రం ఎక్కడు. సాయంత్రం ఇంటికి వెళ్తాడు. ఎవరితోనూ మాట్లాడడు. నాగలి కిలో లెక్కన అమ్మేశాడు.

తప్పు ఫణిది. వాడు సంతకం పెట్టి ఉంటే నేను మాట ఇచ్చిన మరునాడే అందరికీ తెలిసేది. యాదయ్య అమ్ముకునేవాడు. తప్పు నూటికి నూరు పాళ్లూ ఫణిది. రాసి పెట్టుకుంటున్నాను.

మే 5

కిరణ్మయి ఇంటికి వచ్చింది. ఉద్యోగం మానేసిందట. మనిషి సగమైంది. నాగులమ్మ అన్నం పెడితే కలుపుతూ కూర్చుంది.

షేర్ల వ్యవహారాలు చూసే సెబీ ఆఫీసు వాళ్లు విచారణ మొదలుపెట్టారు. ఫిబ్రవరి నెల అంతా ఫణి బామ్మర్ది, వాడి డ్రైవరు, వంటమనిషి పేర్ల మీద షేర్లు అమ్మారట. వంటమనిషికి తన పేరున షేర్లున్నాయని ఆ ఆఫీసు వాళ్లొస్తే తెలిసింది.

"ఛైర్మన్ గారు ఏమంటున్నారంటే, సినిమా ఆపాలని ఫిబ్రవరి ఇరవై ఐదునే నిర్ణయించాం, మర్నాడే చెప్పేశాం, అంతకు ముందు ఎవరికీ ఏమీ తెలియదు అని. నేను రాసిన కాగితాలు ఫైల్లో లేవు. కంప్యూటర్ కూడా మార్చేశారు. ముందే తెలిసిందంటే నేనే ఆ సంగతి ఎవరికో అమ్ముకున్నానని నా మీదికి తోస్తున్నారు."

"సెట్టు పీకిన వడ్రంగులున్నరు గద."

"దొరకడం లేదండీ. చెన్నై వెళ్లిపోయారట, మేస్త్రీ ఫోన్ పనిచేయడం లేదు. సెట్టు నాలుగో తారీఖునే విప్పారని కళ్లతో చూసినవాళ్లలో మిగిలింది మీరే. నేను ఆ రోజే మీకు చెప్పాను, ఆపాను. అది మీరు చెప్తే చాలు. వాళ్లు పట్టుబడతారు."

చెప్తానన్నాను. ఆ మాట అంటుంటే ఒళ్లు తేలికైంది. నిజం చెప్పడం నాకు కొత్తా?

ఆమె వెళ్లాక నాగులమ్మ అంది, "అంటే నీకు ముందే ఎరుక."

కిరణ్మయి వదిలేసిన కంచం తీశాను.

"కమల వచ్చి అడిగిన్నాడు గూడ ఎరుక" అని నా చేతిలోంచి కంచం తీసుకుంది.

"నా మోకాళ్లు పోనీ" అంది. "వాళ్లకెట్ల మొఖం జూపిస్తవ్?"

మే 6

ఆఫీసులో చెప్తే ఊరికి తెలుస్తుంది. పేపర్లో పడుతుంది. యాదయ్యకు ముందు నేనే చెప్పాలి. రేపు చెప్తాను.

మే 7

వెళ్లలేదు. ఎండ.

మే 8

వెళ్లలేదు. మోటారు చెడిపోయింది.

మే 10

మోటారు చెడిపోలేదు.

మే 12

ఈ రోజు వెళ్లాను.

బస్టాండులో సిమెంటు బల్ల మీద కూర్చుని ఉన్నాడు. పక్కన కూర్చున్నాను. ఎయిర్‌పోర్టు పనులకు పోయే కుర్రాళ్లు మహేశ్వరం బస్సు కోసం అరుస్తున్నారు. వాళ్లు వెళ్లేదాకా ఆగాను.

"యాదీ, నాకు ముందే ఎరుక."

"ఏంది?"

"సినిమా బందయిందని. సీరియళ్లు పోయినయని. నువ్వు మా ఇంటికొచ్చి అమ్మాల్నా అని అడిగిన్నాడు నాకు ఎరుకే."

తువ్వాలతో మొహం తుడుచుకున్నాడు. మంచాల బస్సు వచ్చింది. కండక్టర్ వాడిని చూసి, "ఈ రోజన్న ఎక్కుతవా పెద్దమనిషీ?" అని నవ్వాడు. బస్సు వెళ్లిపోయింది.

"ఎందుకు జెప్పలేదే?" అన్నాడు.

"మాటిచ్చిన. చట్టమంట. జెప్తే నాది తప్పు, విని అమ్ముకుంటే నీది గూడ తప్పు. రెండొద్దుల్ల అందరికి జెప్తమన్నరు. జెప్పలే."

"మంచిది. జెప్పద్దన్నరు, జెప్పకపోతివి. నువ్వు మాట దప్పవ్, గది నాకెరుకే. నీవెందుకు అమ్ముకోలే మరి?"

"ఎరుకున్నోడు అమ్మితే దొంగతనమంట."

"అంటే దొంగవు గావద్దని ఉంచుకున్నవ్."

"అవ్."

"నేనేమో, అన్న ఉంచుకున్నడంటే పెరుగుతదని ఉంచుకున్న."

నవ్వాడు. చిన్నప్పుడు బావిలో దూకేముందు నవ్వేవాడు అలా. నేను తల ఎత్తలేదు.

"ఒక్కసారి దొంగతనం జెయ్యరాదే అన్నా" అన్నాడు. "నువ్వు నోరు దెరిచే పనే లేకుండె. దుర్గేష్ దుకాణానికి పోయి నీవి అమ్ముకుంటే, నేను జూసి నావి అమ్ముకుందును. నీ మాట నీకుంటుండె, నా భూమి నాకుంటుండె."

"నీవి కొన్నోడు మునుగుతుండె గదరా."

"మునుగుతుండె. వాడు నా అన్ననా, తమ్ముడా?"

దానికి జవాబు చట్టం దగ్గర ఉంది. కిరణ్మయి దగ్గర ఉంది. నాకూ సబబు అనిపించిందే. ఆ బల్ల మీద వాడి పక్కన కూర్చుంటే నోట్లోకి రాలేదు.

"ఆఫీసుకు పోయి చెప్తున్న" అన్నాను. "ఫణిగాడు లోపలికి పోతడు."

"పోనీ. వాడు పోతే నాకు చెలకొస్తదా?"

"రాదు."

"కమలకు జెప్పకు" అన్నాడు. "అది నిన్ను తిడుతది. నేను వినలేను."

తువ్వాల మళ్లీ భుజాన వేసుకుని, "నువ్వు గూడ ఇంటికి రాకే అన్నా. కొట్లాట లేదు. పగ లేదు. రాకు" అన్నాడు.

లేచి వచ్చాను. వెనక్కి చూశాను. వాడు నా వైపు చూడడం లేదు.

మే 13

కమలమ్మకు ఎవరు చెప్పారో. పొద్దున్నే ట్రాలీ ఎక్కేముందు మా వాకిట్లో నిలబడి అరిచింది. వాడకట్టంతా విన్నది. నాగులమ్మ తలుపు వేయలేదు. నన్నూ వేయనివ్వలేదు.

"విను" అంది.

మే 20

సిటీలో ఆఫీసు. ఏసీ గది. చలికి కండువా కప్పుకున్నాను. కుర్ర ఆఫీసర్, నా మనవడి వయసు. మర్యాదస్తుడు. కుర్చీ జరిపి కూర్చోబెట్టాడు. పక్కన ఒకతను కంప్యూటర్‌లో కొడుతున్నాడు.

చెప్పాను. ఏ రోజు, ఎందుకు లోపలికి పోయాను, ఏం చూశాను, మేస్త్రీ ఏమన్నాడు, ఆమె ఏమంది. ఆ తర్వాత ఫణి టీవీలో ఎండాకాలం సినిమా అన్నదీ చెప్పాను. ఆఫీసర్ రెండుసార్లు అడిగాడు, రెండుసార్లూ ఒకేలా చెప్పాను.

"మీ షేర్లు మీరు అమ్మలేదు కదా, పెద్దాయనా?"

"లే."

"ఎవరికైనా చెప్పారా?"

"లే."

"ఇంట్లో కూడా?"

"ఇంట్ల గూడ."

ఆఫీసర్ కలం కింద పెట్టాడు. "పెద్ద పెద్ద చదువులు చదివినవాళ్లు ఆగలేదు. మీరు ఆగారు. మీ మీద మాకేమీ లేదు. మీ వల్ల ఎవరికీ నష్టం జరగలేదు."

"జరిగింది" అన్నాను. "యాదయ్యకు."

"ఆయన ఎవరు?"

"నా తమ్ముడు. ఉన్నదంతా ఉంచుకుని మునిగిండు. అది గూడ రాయి సారూ."

"ఉంచుకోమని మీరు చెప్పారా?"

"లే. నేనేమన్లే."

"మరి?"

"నేను అమ్మలేదని చూసిండు. చూసి ఉంచుకున్నడు."

కంప్యూటర్ అతను కొట్టడం ఆపి ఆఫీసర్ వైపు చూశాడు. ఆఫీసర్ కొంచెం ఆలోచించాడు. నిజంగానే ఆలోచించాడు, కొట్టిపారేయలేదు.

"చెప్పడం నేరం, అమ్మడం నేరం. అమ్మకుండా ఉండటం నేరం కాదు పెద్దాయనా. దాన్ని ఎవరో చూడటం మా పరిధిలోకి రాదు. అది రాస్తే కేసు పక్కదారి పడుతుంది. వదిలేద్దాం."

"నాది నేను జెప్తుంటే వదిలేస్తవేంది?"

"మీ తప్పు లేదు కాబట్టి."

కిరణ్మయి బయట బెంచీ మీద కూర్చుని ఉంది. గాజు తలుపులోంచి కనిపిస్తోంది, చేతులు నలుపుకుంటోంది. నేను సంతకం పెట్టకపోతే ఆ పిల్ల మునుగుతుంది, ఫణి తేలుతాడు. చదివి వినిపించమన్నాను. వినిపించాడు. అంతా నిజమే రాశారు. అందులో యాదయ్య పేరు లేదు.

సంతకం పెట్టాను.

బయటికి వస్తే కిరణ్మయి నా కాళ్లకు దండం పెట్టబోయింది. వద్దన్నాను. వనస్థలిపురం దాకా ఒకే బస్సులో వచ్చాం. ఆమె దిగేటప్పుడు, "మీలాంటి వాళ్లు ఉండరు తాతయ్యగారూ" అంది. బస్సులో మనుషులున్నారని ఊరుకున్నాను.

ఇంటికి వచ్చేసరికి నాగులమ్మ అన్నం మూత పెట్టి పడుకుంది. అడగలేదు.

అక్కడ రాయమంటే రాయలేదు కాబట్టి ఇక్కడ రాస్తున్నాను.

యాదయ్య నన్ను చూసి ఉంచుకున్నాడు. చూస్తున్నాడని నాకు తెలియదని ఇన్నాళ్లూ అనుకుంటూ వచ్చాను. తెలుసు. చాయ్ తాగకుండా లేచి వెళ్లిన రోజే తెలుసు.